మేకలు చుట్టూ బెరడు ఒలిచేసిన మామిడి ఇంకా పచ్చగానే ఉంది, బతికినట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పెరట్లో ఆరేళ్ల బంగినపల్లి అంటు మామిడి. మూడు వారాల కిందట మేకలు పడి మొదట్లో జానెడు మేర చుట్టూ బెరడు ఒలిచి తినేశాయి, తెల్లటి చెక్క బయటపడింది. అయినా ఒక్క ఆకు వాడలేదు, పైన ఎర్రటి లేత చిగురు కూడా వేసింది. ఇంట్లోవాళ్లు "బతికేసింది, ఇక టెన్షన్ లేదు" అంటున్నారు. పక్కింటి పెద్దాయన "ఇది పోయే చెట్టే" అంటున్నారు. బెరడు అంత ముఖ్యమైతే పైకి నీళ్లు ఎలా పోతున్నాయన్నది మీ అనుమానం.

ఏమీ చేయకుండా వదిలేస్తే పెద్దాయన చెప్పిందే జరుగుతుంది. ఆకు పచ్చగా ఉందంటే నీళ్లు అందుతున్నాయని మాత్రమే అర్థం. నీళ్లు పోయే దారి చెక్కలో ఉంది, దాని జోలికి మేకలు పోలేదు. ఆకుల్లో తయారైన తిండి వేర్లకు దిగే దారి బెరడు లోపలి పొరలో ఉంది, తెగింది అదే. ఇప్పుడు మీ చెట్టు వేర్లు దాచుకున్నది తింటూ బతుకుతున్నాయి. ఆ నిల్వ అయిపోయాక వేర్లు చస్తాయి, అప్పుడు నీళ్లూ ఆగిపోతాయి, అప్పుడు గానీ ఆకు వాడదు. అయితే అందుకు నెలలు పడుతుంది. ఈలోపు గాయం మీదుగా అంటు కట్టి దారి వేయగలిగితే చెట్టు దక్కుతుంది. ఇది జూలై కావడం, వానలు పడుతుండడం మీకు కలిసొచ్చే విషయం.

నేను ఉద్యాన శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం నూజివీడు వైపు మామిడి తోటల్లోనే గడిచింది. మేకలు కొరికినవీ, దున్నేటప్పుడు ట్రాక్టర్ గీసుకుపోయినవీ, బట్టలారేసే తీగ చర్మంలోకి దిగిపోయినవీ చాలా చూశాను. అందరూ చేసే పొరపాటు ఒకటే. ఆకు వైపు చూస్తారు, కింద గాయం వైపు చూడరు.

అందుకని ముందు గాయం చూడండి. మోకాళ్ల మీద కూర్చుని, మాను చుట్టూ తిరుగుతూ చూడాలి. ఎక్కడైనా గాయం పైనున్న బెరడుకూ కిందున్న బెరడుకూ మధ్య సన్నటి పట్టీ మిగిలిందా? వేలెడు వెడల్పు చాలు. పైకి ఎండినట్టు కనబడినా గోరుతో గీరితే లోపల ఆకుపచ్చగా, తడిగా ఉంటే అది బతికున్న బెరడే. అలాంటి పట్టీ ఒక్కటున్నా మీ చెట్టుకు ప్రాణభయం చాలావరకు తప్పినట్టే. తిండి దాని గుండా దిగుతుంది, ఏడాది రెండేళ్లలో పక్కలకు పెరిగి వెడల్పవుతుంది. అప్పుడు అంటు, గింటు ఏమీ అక్కర్లేదు, గాయాన్ని కాపాడుకుంటే సరిపోతుంది. మీరు "చుట్టూ" అన్నారు గానీ, మేకలు గోడ వైపు, కంచె వైపు మూతి పెట్టలేక కొంత వదిలేయడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు మీ అసలు అనుమానం. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే ఏం చేయాలో, ఏం చేయకూడదో ఎవరూ చెప్పకుండానే మీకు తెలిసిపోతుంది.

మామిడి మానును బయటినుంచి లోపలికి చూసుకుంటూ వెళ్లండి. మొదట పగుళ్లతో ఎండిన పైబెరడు. అది కవచం, అందులో ప్రాణం లేదు. దాని కింద తడిగా, పీచుగా ఉండే లేత పొర. తిండి రవాణా చేసే పోషక కణజాలం ఇందులోనే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగు కట్టలు నీళ్లలో నానబెట్టి తీసే నార ఈ పొరలోదే, జనుము నారా అంతే. దాని కింద, కంటికి సరిగా ఆననంత పలచగా, కేంబియం అనే పొర. ముట్టుకుంటే జిగటగా ఉంటుంది. మాను లావెక్కేది ఈ పొర వల్లే. ఇది లోపలి వైపు కొత్త చెక్కను, బయటి వైపు కొత్త బెరడును పుట్టిస్తూ పోతుంది. అక్కడినుంచి మధ్య దాకా ఉన్నదంతా చెక్క, పుస్తకాల భాషలో దారువు. అందులోనూ బయటి పక్క ఉన్న లేత చెక్కే నీళ్లు మోస్తుంది. నడిమి చేవ నీళ్లు మోయడం ఎప్పుడో మానేసి ఉంటుంది, చెట్టును నిలబెట్టడమే దాని పని. చేవ మొత్తం పుచ్చి, లోపల మనిషి దూరేంత తొర్ర ఉన్న ముసలి చింతచెట్లు ఏటా కాస్తూనే ఉండడం మీరూ చూసే ఉంటారు. వాటికి బయటి చెక్క, బెరడు బాగున్నాయి, అంతే.

మేకకు కావలసింది ఆ లోపలి పొరే. మెత్తగా ఉంటుంది, చక్కెర ఉంటుంది. చెక్క దానికి కొరుకుడు పడదు. అందుకే మీ చెట్టుకు ఒక దారి పూర్తిగా పోయి, రెండోది పూర్తిగా మిగిలింది.

నీళ్లు పైకి ఎలా ఎక్కుతాయంటే. దారునాళాలు చచ్చిన కణాలు. లోపలి పదార్థమంతా పోయి, గట్టి గోడలు మాత్రం మిగిలి, ఒకదాని మీద ఒకటి నిలబడి సన్నటి గొట్టాలుగా ఏర్పడతాయి. ప్రాణం లేని గొట్టం నీళ్లను తోయలేదు కదా, మరి ఎవరు తోస్తున్నారు? చాలామంది వేర్లు తోస్తాయనుకుంటారు. వేరు పీడనం అనేది ఉంది, అబద్ధం కాదు. తెల్లవారుజామున వరి ఆకుల కొసల్లో, చేమ ఆకుల అంచుల్లో నిలిచే బొట్లు చాలావరకు దానివల్లే వస్తాయి. మంచు అనుకుంటాం గానీ అవి మొక్క లోపలినుంచి వచ్చిన నీళ్లు. కానీ ఆ ఒత్తిడి పెద్ద చెట్టుకు చాలదు, పైగా నీళ్లు బాగా కావలసిన మిట్టమధ్యాహ్నం అది దాదాపు ఉండదు. సన్నటి గొట్టంలో నీళ్లు తమంతట ఎగబాకుతాయి గదా అంటారా, దారునాళాల వెడల్పుకు ఆ లెక్కన మీటరు ఎత్తు ఎక్కడమే కష్టం. పైనుంచి గాలి పీల్చి లాగే పంపు ఎంత మంచిదైనా 10 మీటర్ల పైచిలుకు దాటించలేదు. మన ఊళ్లో కొబ్బరి చెట్టే అంతకు రెట్టింపు ఎత్తు ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్లు 115 మీటర్ల దాకా పెరిగాయి.

లాగేది ఆకు. ఆకు పత్రరంధ్రాల్లోంచి ఆవిరి పోతున్నకొద్దీ లోపలి కణాల గోడల మీది నీళ్లు వెనక్కి తగ్గుతాయి, ఆ లోటు పూడ్చడానికి వెనకున్న నీళ్లు ముందుకు రావాలి. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి గనక గొలుసులో ఒక లంకె లాగితే మిగతావన్నీ కదిలినట్టు, ఆకు దగ్గర మొదలైన లాగుడు వేరు కొస దాకా పాకుతుంది. డబ్లిన్‌కు చెందిన శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీ 1894లో ఈ మాట చెప్పినప్పుడు నీళ్లను అలా సాగదీసి లాగడం కుదురుతుందా అని చాలామంది నమ్మలేదు. దానికి కొద్దిగా ముందే జర్మనీలో స్ట్రాస్‌బర్గర్ అనే వృక్షశాస్త్రవేత్త నిలువెత్తు చెట్లను మొదట్లో కోసి, మైలుతుత్తం, పిక్రిక్ ఆమ్లం లాంటి విషపు ద్రావణాల్లో నిలబెట్టాడు. మానులోని బతికున్న కణాలు చచ్చినా ద్రావణం పైకి ఎక్కుతూనే ఉంది, ఆకులు చచ్చేదాకా ఎక్కింది. మన జగదీశ్ చంద్ర బోస్ 1923లో వేరే సంగతి ప్రతిపాదించారు. మానులోని బతికున్న కణాలు గుండెలా కొట్టుకుంటూ నీళ్లను పైకి తోస్తాయన్నారు. ఆయన చేసిన పరికరాలు అద్భుతమైనవే, కానీ ఈ ఒక్క వాదన మాత్రం నిలబడలేదు.

మధ్యాహ్నం ఈ లాగుడు ఎంత ఉంటుందంటే, చెట్టు మానే కొద్దిగా సన్నబడి, రాత్రికి మళ్లీ ఉబ్బుతుంది. కంటికి తెలియదు, పరికరం పెట్టి కొలుస్తారు. వేర్లు పీల్చిన నీటిలో నూటికి 97 పాళ్లకు పైగా ఇలా ఆవిరై పోయేదే.

కాబట్టి మీ చెట్టుకు మూడు వారాలైనా నీటికి లోటు రాలేదంటే వింత ఏమీ లేదు. చిగురు వేయడమూ వింత కాదు. కోత అయ్యాక వానలకు మామిడి చిగురు వేయడం మామూలే, దానికి కావలసిన తిండి కొమ్మల్లోనే ఉంది.

తిండి దిగే దారి దీనికి పూర్తిగా భిన్నం. పోషక కణజాలంలోని చాలనీ నాళాలు బతికున్న కణాలు. చిత్రం ఏమిటంటే వాటికి కేంద్రకం ఉండదు. పక్కనే అంటిపెట్టుకుని ఉండే సహకణాలు వాటి ఇంటిపని చూసుకుంటాయి. ఆకులో తయారైన చక్కెరను ఈ నాళాల్లోకి ఎక్కిస్తే, ద్రవాభిసరణ వల్ల పక్క దారువులోంచి నీళ్లు లోపలికి చొరబడతాయి, ఒత్తిడి పెరుగుతుంది. అటు చివర వేరో, కాయో, చిగురో ఆ చక్కెరను దించుకుంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడికి పాకం నడుస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త మ్యూంక్ 1930లో వివరించిన పద్ధతి ఇది. గంటకు అర మీటరు నుంచి మీటరు దాకా కదులుతుంది. నీళ్లు మామూలుగా పైకే పోతాయి, తిండి మాత్రం ఎటు అవసరమైతే అటు పోతుంది. పూత, పిందె ఉన్నప్పుడు పైకీ ఎక్కుతుంది.

ఈ ఒత్తిడి ఎంతో తెలుసుకోవాలంటే మీ మామిడి పూత మీది తేనెమంచు పురుగును చూడండి. అది తన సూది మూతిని లేత పూగుత్తుల్లోకి దించి ఈ పాకాన్నే పీలుస్తుంది. లోపలి పాకంలో చక్కెర ఎక్కువ, పురుగుకు అవసరమైన మాంసకృత్తుల సరుకు తక్కువ. అది సరిపడా దొరికేదాకా తాగాలి గనక మిగిలిన చక్కెరను బయటికి వదిలేస్తుంది. ఆకుల మీద జిగురుగా మెరిసేది అదే, తర్వాత దానిమీదే నల్లటి మసి పడుతుంది. పేనుబంక తాగుతుండగా దాని మూతిని కోసేస్తే మిగిలిన సూదిలోంచి పాకం తనంతట తాను గంటల తరబడి కారుతుంది. 1950ల్లో శాస్త్రవేత్తలు చాలనీ నాళాల్లోని పాకాన్ని కల్తీ లేకుండా పట్టింది ఈ ఉపాయంతోనే.

మన గీత కార్మికులు చేసేదీ ఈ నాళాలతో బేరమే. తాటికైతే గెల కొస, ఈతకైతే తల దగ్గర మెత్తని మాను చెక్కి, కారే తీపి నీటిని ముంతలోకి పడతారు. రోజూ మళ్లీ పలచగా చెక్కాల్సిందే. తెగిన చాలనీ నాళాలు తమను తాము పూడ్చేసుకుంటాయి, తాజా కోత పడితే గానీ ధార రాదు.

ఇక ఈ రెండు దారులూ వేరువేరని నమ్మకం కుదరకపోతే ఏదైనా నర్సరీకి వెళ్లి జామకు గాలి అంటు కట్టడం చూడండి. కొమ్మ మీద అంగుళం వెడల్పున బెరడు ఉంగరంలా ఒలిచేస్తారు, అచ్చం మీ మేకలు చేసినట్టే. తడి నాచు చుట్టి, పాలిథిన్ కాగితం కట్టేస్తారు. కొమ్మ వాడదు, నీళ్లు చెక్కలోంచి వస్తూనే ఉంటాయి. కొన్ని వారాలకు విప్పి చూస్తే వేర్లు ఎక్కడ వస్తాయనుకున్నారు? ఉంగరం పై అంచు నుంచే. కింది అంచు బోసిగా ఉంటుంది. దిగుతున్న తిండి, వేరు పుట్టించే హార్మోను పై అంచు దగ్గర ఆగి పేరుకుంటాయి గనక. ఇటలీలో మాల్పీఘి అనే శాస్త్రవేత్త 1670ల్లోనే బెరడు ఉంగరంలా తీసి, పై అంచు ఉబ్బడాన్ని గమనించి, ఆకుల నుంచి ఏదో కిందికి దిగుతోందని గ్రహించాడు. మన అంటుకట్టేవాళ్లు ఆ పేరు విన్నా వినకపోయినా ఆ సూత్రం మీదే రోజూ జీవనం చేస్తున్నారు.

మీ చెట్టుకు ఇకముందు ఏమవుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే మధ్యలో మిమ్మల్ని మోసం చేసే గుర్తులు వస్తాయి.

కొద్ది వారాల్లో గాయం పై అంచు ఉబ్బి పెదవిలా తయారవుతుంది, అక్కడక్కడ జిగురు కారుతుంది. కింది అంచు అలాగే ఉండిపోతుంది. కింద కొత్త లావు రాదు. ఈ శీతాకాలం పూత విరగబూసినా ఆశ్చర్యపోకండి. వేర్లకు పోవలసిన చక్కెర పైనే చిక్కుబడితే అలా జరగొచ్చు. కొందరు రైతులు కాయని కొమ్మకు కావాలనే బెరడు గాటు పెట్టి పూత పట్టించేది ఈ కారణంతోనే. ఒక కొమ్మకు చేస్తే మిగతా కొమ్మలు వేర్లను పోషిస్తాయి, మానుకు చుట్టూ పడితే పోషించేవాళ్లే ఉండరు. నా సర్వీసులో ఒక రైతు ఇలాంటి చెట్టుకే "ఎన్నడూ లేనంత కాపు సార్" అని సంబరపడి అంటు సంగతి వాయిదా వేశాడు. కాయ కోసిన వేసవిలోనే అది ఉన్నపళంగా మాడింది. సన్నవేర్లు ముందు చస్తాయి, వానాకాలం చలికాలం మిగిలిన వేర్లతో గడిచిపోతుంది, ఏప్రిల్ ఎండకు లాగుడు పెరిగేసరికి అందివ్వలేవు. చూసేవాళ్లకు వారంలో పోయినట్టుంటుంది. నిజానికి అది నెలల తరబడి జరిగింది.

ఇప్పుడు చేయాల్సింది.

గాయం ఇంకా పచ్చిగా ఉండగా, అంటే మొదటి రోజే దొరికి ఉంటే, పాలిథిన్ చుట్టి ఎండకుండా చూస్తే చెక్క మీద మిగిలిన కేంబియం నుంచి కొత్త బెరడు కొంత పుట్టే అవకాశం ఉండేది. మూడు వారాలైంది గనక చెక్క పైపొర ఆరిపోయి ఉంటుంది. అది మళ్లీ తనంతట బెరడు వేయదు. పై అంచు నుంచి కొంత కండ కిందికి దిగుతుంది గానీ జానెడు దూరం దాటదు. కాబట్టి వంతెన కట్టాల్సిందే.

పైకీ కిందికీ కలిపే పుల్లలు ఆ వంతెన. అదే చెట్టునుంచి, లేకపోతే మరే మామిడి నుంచైనా, పెన్సిల్ లావున్న ముదురు పుల్లలు తీసుకోవాలి. వీలైతే వారం పది రోజుల ముందే ఆ పుల్లల ఆకులు తొడిమ మిగిల్చి కోసేసి ఉంచితే మొగ్గలు ఉబ్బి బాగా పట్టుకుంటాయి. గాయం రెండు అంచులనూ పదునైన కత్తితో పచ్చి బెరడు కనబడేదాకా శుభ్రం చేయండి. పుల్ల పొడవు గాయం కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, కట్టాక విల్లులా కాస్త వంగి నిలవాలి. గాలికి చెట్టు ఊగినప్పుడు ఊడిపోకుండా ఆ వంపు కాపాడుతుంది. రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి, కింది కొసను కింది బెరడు కిందికి, పై కొసను పై బెరడు కిందికి దూర్చి, సన్నటి మేకుతో కదలకుండా పట్టించాలి. అతుకుల మీద మైనం రాసి, పాలిథిన్ పట్టీ బిగించండి. చుట్టూ మూడు నాలుగు అంగుళాలకొకటి ఉండేలా చూసుకోండి, అన్నీ పట్టుకోకపోయినా కొన్ని మిగులుతాయి.

పుల్ల తలకిందులు కాకూడదు. చెట్టు మీద పైవైపు ఉన్న కొస ఇక్కడా పైనే ఉండాలి. తలకిందులుగా పెడితే అతుకు సరిగా కుదరదు. కోసేటప్పుడే పై కొసకు ఏదైనా గుర్తు పెట్టుకోవడం మంచిది, కింద పడేశాక అన్నీ ఒకేలా కనబడతాయి. ఇంకో మాట, అంటు అంటే బెరడుకు బెరడు ఆనడం కాదు. పుల్లలోని కేంబియం గీత, మానులోని కేంబియం గీత కలవాలి. అవి కలిస్తేనే రెండు దారులూ కలుస్తాయి. పుల్ల మధ్యలో మొగ్గ చిగిర్చితే గిల్లేయండి, లేకపోతే అది కొమ్మగా మారి తిండి తానే తింటుంది.

మామిడికి నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది మాత్రం ఇంకో పద్ధతి. మాను పక్కనే రెండు మూడు టెంక మొక్కలు నాటండి, కుండీల్లో పెరిగినవి దొరికితే ఇంకా మంచిది. వాటి తలలను గాయానికి పైన ఉన్న బెరడులోకి అంటు కట్టండి. ఆ మొక్కలకు సొంత వేర్లు ఉంటాయి గనక అతుకు పడేలోపు ఎండిపోవు. పట్టుకున్నాక పెద్ద చెట్టు ఆకుల తిండి వాటి గుండా దిగుతుంది, వాటి వేర్లే పెద్దచెట్టుకు కొత్త వేర్లవుతాయి. పాతకాలంలో మామిడి అంట్లన్నీ కుండీ మొక్కను తల్లిచెట్టు కొమ్మకు ఆనించి కట్టినవే, కాబట్టి మామిడికి ఈ పని అలవాటే. రెండు పద్ధతులూ కలిపి చేస్తే ఇంకా ధైర్యం. కత్తి చేతికి అలవాటు లేకపోతే దగ్గరి నర్సరీలో అంటుకట్టే మనిషిని పిలిపించుకోండి. కడియం వైపు నర్సరీల నుంచి వచ్చినవాళ్లు ఇలాంటి పని అరపూటలో చేసేయడం చూశాను.

గాయం మధ్యలో మిగిలిన ఎండు చెక్కకు బోర్డో పేస్టు రాయండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు, విడివిడిగా కరిగించి కలపాలి, ఇనుప పాత్రలో వద్దు. మీకు ఇందులో పదోవంతు చాలు. చెక్క ఎండిపోయి పగిలితే నీటి గొట్టాల్లోకి గాలి చొరబడుతుంది. గాలి బుడగ పడిన గొట్టంలో నీటి ధార తెగి ఆ గొట్టం పనికిరాకుండా పోతుంది. పైగా కాండం తొలిచే పురుగు, బూజులు అక్కడినుంచే లోపలికి పోతాయి. అంటు పెట్టే పచ్చి అంచులకు మాత్రం పేస్టు తగలనివ్వకండి. తారు, సిమెంటు జోలికి పోవద్దు. పేడ, బంకమట్టి కలిపి పూయడం పచ్చి గాయాన్ని ఎండకుండా కాపాడుతుంది గానీ ఇప్పుడు దానివల్ల బెరడు మొలవదు.

గాయం కింద మొదట్లో ఏవైనా పిలకలు వస్తే తుంచకండి. మామూలుగా అయితే అంటు కింద వచ్చే నాటు పిలకలు తీసేయమని నేనే చెప్తాను. ఇప్పుడు వేర్లకు తిండి పెట్టేవి అవే. వాటి ఆకుల నుంచి కిందికి దారి తెగలేదు కదా. అవి చేతికి అందేంత ఎదిగాక వాటి తలలనే గాయం పైన అంటు కట్టొచ్చు. ఒకవేళ పై చెట్టు దక్కకపోయినా వాటి మీద బంగినపల్లి పుల్ల కట్టుకుంటే కొత్త చెట్టు త్వరగా తయారవుతుంది.

చాలామంది అడిగే మిగతా విషయాలు. యూరియా వేస్తే పుంజుకుంటుందా? లేదు. వేర్లకు కావలసింది చక్కెర, నత్రజని పీల్చుకోవడానికే వాటికి శక్తి చాలదు. పాదులో బెల్లం నీళ్లు పోస్తే? వేర్లకంటే ముందు మట్టిలోని సూక్ష్మజీవులు తాగేస్తాయి. కొమ్మలు నరికేయాలా? గుబురుగా ఉన్న లేత కొమ్మలు కాసిని తీసి నీటి ఖర్చు తగ్గించవచ్చు. మొత్తం బోడి చేస్తే వంతెన గుండా దిగాల్సిన తిండే తయారు కాదు. ఈ ఏడు పూత వస్తే గిల్లేయండి, కాయలు ఉంచితే అతుకులకు రావలసిన చక్కెర అవే లాక్కుంటాయి.

ఒక మినహాయింపు కూడా చెప్పాలి, లేకపోతే రేపు ఎవరో "మా కొబ్బరికి చుట్టూ గీసినా ఏమీ కాలేదు" అంటారు. కొబ్బరి, తాటి, ఈత, వెదురు, అరటి లాంటివాటిలో బెరడు వేరు, చెక్క వేరు అనే అమరిక లేదు. నీటి నాళాలు, తిండి నాళాలు కలిసి చిన్నచిన్న కట్టలుగా కాండమంతా చెదిరి ఉంటాయి. పైన గీసినంత మాత్రాన అన్నీ తెగవు. కానీ వాటికి అలా లావెక్కించే కేంబియం లేదు గనక గాయం మానదు కూడా. కొబ్బరి ఎక్కడానికి కొట్టిన మెట్లు చెట్టున్నంత కాలం అలాగే ఉండడం చూడండి. గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న బ్రహ్మాండమైన బావోబాబ్ జాతి చెట్లది మరో దారి. బెరడు ఒలిచినా లోపలి కణజాలం నుంచి మళ్లీ బెరడు పుట్టించుకోగలవు. మామిడికి, వేపకు, చింతకు ఆ శక్తి అంతగా లేదు. మన అడవుల్లో అగరబత్తి జిగురు పొడి కోసం నరమామిడి చెట్లకు చుట్టూ బెరడు ఒలిచి ఎన్ని చంపేశారో అటవీ శాఖవాళ్లను అడిగితే చెప్తారు. ఒక పక్క పట్టీగా తీసుకుంటే చెట్టు నిలబడేది, రెండోసారీ ఇచ్చేది.

గాయం ఫోటోలు పెట్టగలిగితే పెట్టండి. పైనుంచి కాకుండా నేలకు ఆనించి, నాలుగు వైపులా తీయండి. ముఖ్యంగా గాయం కింది అంచును గోరుతో కొద్దిగా గీరి, ఆ చోటును దగ్గరగా తీయండి. అక్కడ పచ్చదనం ఉంటే కింది వేర్లు ఇంకా బాగున్నట్టు లెక్క, ఈ వారంలోనే అంటు కట్టించవచ్చు. గోధుమరంగుకు తిరిగి ఉంటే ఇంకా కిందికి, పచ్చి తగిలేదాకా గీరి అది ఎంత లోతులో తగిలిందో రాయండి, దాన్నిబట్టి పుల్లలు సరిపోతాయా, టెంక మొక్కలే నాటాలా అన్నది చెప్తాను.